బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్) రెండో ఏడాదిలో ఉన్నా, సైన్స్ టీచర్ అవ్వాలని ఉంది. ఇప్పుడు మానేస్తే పిచ్చి పనేనా?

ఫ్యూజ్ పోయింది | నవంబర్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదువుతూ ఉన్నాను కానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ కాలేజీలో ఈఈఈ రెండో ఏడాది చదువుతున్నా, ఇంకో నెలలో మూడో సెమిస్టర్ పరీక్షలు. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, అందుకే ఈఈఈ. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు కూడా నేను పెట్టలేదు, నాన్న పక్కన నిలబడి చెబుతుంటే ఇంటర్నెట్ సెంటర్ అన్న పెట్టేశాడు.

అసలు సంగతి ఏంటంటే, మొదటి ఏడాది నుంచి హాస్టల్ పక్క గల్లీలో నలుగురు పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తున్నా. మొదట ఖర్చులకోసమే. ఇప్పుడు ఆ గంటన్నర కోసమే రోజంతా గడుపుతున్నట్టు ఉంది. మొన్న ఒక అమ్మాయికి ఓం నియమం ఎంత చెప్పినా ఎక్కట్లేదు. బయటికి తీసుకెళ్లి గార్డెన్ పైపు చివర బొటనవేలు సగం అడ్డం పెట్టి చూపించా. "అంటే నా వేలే రెసిస్టెన్సా అన్నా" అంది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకో చెప్పలేను.

ఇప్పుడు బీటెక్ మానేసి బీఎస్సీలో చేరి, తర్వాత బీఈడీ చేయాలని ఉంది. నాకు రెండు బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయి, అది కూడా చెప్పాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మానేయాలా, పూర్తి చేసి బీఈడీ చేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ప్యాకేజీ ముఖ్యం | నవంబర్ 15, ఉదయం 7:20

తమ్ముడూ, పూర్తి చెయ్యి. నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పడం వేరు, అరవై మందిని నలభై నిమిషాలు కూర్చోబెట్టడం వేరు. నేనూ మెకానికల్‌లో ఉన్నప్పుడు ఫొటోగ్రఫీ అన్నాను, ఇప్పుడు ఆ కెమెరా అటక మీద ఉంది. ముందు ఒక ఉద్యోగం సంపాదించు, మనసుంటే వారాంతాల్లో చెప్పుకో.

బీటెక్ టీచరమ్మ | నవంబర్ 15, ఉదయం 9:05

పై అన్నగారి కెమెరాకు నా సానుభూతి. కానీ ఇది వారాంతం పని కాదు కదా.

తమ్ముడూ, నువ్వు అడిగిన రెండో దారిలో వెళ్లినదాన్ని నేను. ఈసీఈ పూర్తి చేసి, రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, తర్వాత బీఈడీ చేశా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో 8, 9, 10 తరగతులకు ఫిజిక్స్ చెప్తున్నా. బీటెక్ వాళ్లు బీఈడీ చేయొచ్చు, టీచర్ కోర్సులకు నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ రూల్స్‌లోనే దానికి చోటు ఉంది, సైన్స్, మ్యాథ్స్‌తో కూడిన ఇంజనీరింగ్‌లో 55 శాతం అంటారు. మామూలు డిగ్రీ వాళ్లకు 50. కాబట్టి నీ రెండు బ్యాక్‌లాగ్‌ల కంటే నీ మొత్తం శాతం ముఖ్యం, అది చూసుకో.

ప్రైవేట్ స్కూళ్లలో బీటెక్ అంటే పెద్దగా అడ్డు చెప్పరు, పైగా ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు అంటూ లాక్కుంటారు. కానీ జీతం? నేను మొదట చేరిన స్కూల్లో 14 వేలు. అదీ పది నెలలే, ఏప్రిల్ ఆఖరున "మళ్లీ జూన్‌లో కలుద్దాం మేడమ్" అని పంపించేవారు. టెస్టింగ్‌లో దానికి రెండింతలకు పైనే వచ్చేది. మా అత్తగారు రెండేళ్లపాటు బంధువులకు నేను ఇంకా సాఫ్ట్‌వేరే అని చెప్పుకున్నారు.

నల్లబల్ల | నవంబర్ 15, మధ్యాహ్నం 1:40 (లంచ్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి)

నేను ప్రభుత్వ స్కూల్లో ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ టీచర్) ఫిజికల్ సైన్స్. 2024 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష), అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చిన బ్యాచ్.

అక్క చెప్పింది నిజమే కానీ అందులో ఒక గుంట ఉంది, అది చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టే. బీఈడీలో సీటు రావడం ఒకటి, డీఎస్సీ పోస్టుకు అర్హత ఇంకొకటి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఎస్ఏ ఫిజికల్ సైన్స్ అంటే డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టులు ఆప్షనల్స్‌గా చదివి ఉండాలని, బీఈడీలో ఫిజికల్ సైన్స్ మెథడాలజీ ఉండాలని అర్హతల పట్టికలో పేర్లతో సహా రాస్తారు. నా రూమ్మేట్ ఒకడు బీటెక్ మీద బీఈడీ చేసి, టీచర్ అర్హత పరీక్ష టెట్ కొట్టి, ఒక నోటిఫికేషన్‌కు మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో బల్ల అవతల కూర్చున్నాయన మెమోలు అటూ ఇటూ తిప్పి, "ఇందులో కెమిస్ట్రీ ఎక్కడుంది బాబూ" అన్నాడు. మొదటి ఏడాది ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ఒక్క పేపరు చూపించాడు మావాడు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, ఫైలు పక్కన పెట్టాడు. అంతే, ఆరేళ్లు పక్కకు పోయాయి.

అందుకే ముందు పాత నోటిఫికేషన్ పీడీఎఫ్‌లు తీసి, నువ్వు ఏ పోస్టు కావాలనుకుంటున్నావో ఆ వరుస చదువు. కోచింగ్ సెంటర్ వాడి మాట కాదు, యూట్యూబ్ కాదు, ఆ వరుస.

ఇంకోటి. సైన్స్ టీచర్ అనేది ఒక్క ఉద్యోగం కాదు. మన దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ వేరు, బయాలజీ వేరు. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూల్ టీచర్) సైన్స్‌కు డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉండాలి. ఎంపీసీ వాళ్లు అక్కడ టీజీటీ మ్యాథ్స్ వైపు వెళ్లాల్సిందే. నీకు తెలుసా ఇది? నాకు డిగ్రీ అయ్యేదాకా తెలీదు.

బెల్ కొట్టారు, మళ్లీ రాస్తా.

ఫ్యూజ్ పోయింది | నవంబర్ 15, సాయంత్రం 6:15

తెలీదు అన్నా. కేవీ సంగతి చదివి రెండు నిమిషాలు అలాగే కూర్చుండిపోయా. నాది ఇంటర్ ఎంపీసీ.

తండ్రిని | నవంబర్ 15, రాత్రి 8:30

నేనూ ఒక ఇంజనీరింగ్ పిల్లాడి తండ్రిని. బాబూ, కోపం తెచ్చుకోకు. మీ నాన్న ఫీజు ఎంత కట్టాడో, ఎక్కడ తెచ్చి కట్టాడో నీకు తెలుసా? టీచర్ కావడం గొప్పదే, మా నాన్న టీచరే. కానీ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవడికీ తెలియదు. ముప్పై ఏళ్లు వచ్చాక కూడా అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో రూములో పడి చదివే పిల్లల్ని చూస్తున్నాం. ఇంట్లో చెప్పకుండా మాత్రం ఏ పనీ చేయకు.

నల్లబల్ల | నవంబర్ 15, రాత్రి 9:50

సార్ చెప్పిన దాంట్లో కొట్టిపారేసేది ఏమీ లేదు. లెక్క చెప్తా. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2024లో. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేసి, 2024 ఫిబ్రవరిలో 11,062కు పెంచి మళ్లీ ఇచ్చారు. ఏపీ వాళ్లకు 2018 తర్వాత 2025 మెగా డీఎస్సీనే, 16,347 పోస్టులు. అంటే రెండు చోట్లా ఏడేళ్లు. నేను 2019లో బీఈడీ అయిపోయి ఐదేళ్లు ఆగా. ఆ ఐదేళ్లలో మూడు ప్రైవేట్ స్కూళ్లు, ఒక ట్యూషన్ సెంటర్, ఒకసారి ఎరువుల షాపులో లెక్కలు రాశా.

ఇంకా ఆ 11,062 చూసి మురిసిపోవద్దు. అందులో ఎస్జీటీలే (ప్రైమరీ టీచర్లే) 6,508. స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులూ భాషలూ కలిపి 2,629. వాటిని జిల్లాలకు పంచి, మళ్లీ సబ్జెక్టులకు పంచితే ఫిజికల్ సైన్స్‌కు మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎస్ఏ ఖాళీల్లో ఎక్కువ భాగం ఎస్జీటీల ప్రమోషన్లతోనే నిండుతాయి మరి.

దొరికితే మాత్రం బాగుంటుంది. ఎస్ఏ మూల వేతనం 42,300తో మొదలు, మీద డీఏ, హెచ్ఆర్ఏ. మొదటి జీతం పడ్డ రోజు మా అమ్మ ఏటీఎం స్లిప్పు దేవుడి గూట్లో పెట్టింది. సిరా ఎగిరిపోయి ఇప్పుడు తెల్లకాగితమే ఉంది, అయినా తీయనివ్వదు.

గోదారి గట్టు | నవంబర్ 16, ఉదయం 6:45

నాది ఏపీ, మొన్నటి మెగా డీఎస్సీలో బయాలజీ వచ్చింది. ఎస్జీటీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత బీఈడీ వాళ్లు ప్రైమరీ టీచర్ పోస్టులకు పనికిరారు, దానికి డీఈడీనే ఉండాలి. డీఈడీ ఇంటర్ తర్వాత రెండేళ్లు, డైట్ కాలేజీలో. పోస్టులు ఎక్కువ అక్కడే. నా పక్కన కూర్చున్న అమ్మాయి డీఈడీతో ఇరవై రెండేళ్లకే ఎస్జీటీ అయిపోయింది, నేను ఇరవై తొమ్మిదికి స్కూల్ అసిస్టెంట్ అయ్యాను. చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమైతే అది కూడా ఆలోచించు తమ్ముడూ. అ ఆలు, ఎక్కాలు, ముక్కులు తుడవడం అన్నీ ఉంటాయి మరి.

బీఎస్సీకి ఏపీలో చేరేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. 2023-24 నుంచి మన దగ్గర సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, మునుపటిలా మూడు సబ్జెక్టుల ఎంపీసీ, బీజడ్సీ కాదు. మేజర్ కెమిస్ట్రీ తీసుకుని మైనర్‌గా ఇంకేదో తేలిగ్గా ఉందని తీసుకుంటే, రేపు నల్లబల్ల గారు చెప్పిన ఆ వరుస దగ్గర ఇరుక్కుంటారు. చేరే రోజే అడగండి.

సుద్దముక్క మాస్టారు | నవంబర్ 16, ఉదయం 10:10

నేను పశ్చిమగోదావరి జిల్లాలో ముప్పై మూడేళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి, ఆఖరి నాలుగేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన వాడిని. టైపు చేయడం మా మనవరాలు నేర్పింది, కాబట్టి నెమ్మదిగా రాస్తాను.

అర్హతలు, పోస్టులు అన్నీ వీళ్లు చెప్పారు. నేను ఒక్కటే అడుగుతాను అబ్బాయి. ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు దేంట్లో? లెక్కల్లోనా? నిజం చెప్పు, ఎవరూ ఏమీ అనరు. లెక్కలు రాక ఇటు పారిపోయి వస్తున్నావా, పాఠం చెప్పడం కోసం వస్తున్నావా? మొదటి రకం వాళ్లను నేను బోలెడుమందిని చూశాను. బడికి వచ్చాక కూడా పారిపోతూనే ఉంటారు, పదో తరగతిలో లెన్స్ ఫార్ములా దగ్గరకు రాగానే "ఇది ఇంపార్టెంట్ కాదురా" అంటారు.

నేను చేరిన కొత్తలో మా బళ్లో ల్యాబ్ బీరువా తాళం హెడ్మాస్టరు గారి సొరుగులో ఉండేది. బ్యూరెట్ పగిలితే జీతంలో కోస్తారని ఎవరూ తీసేవారు కాదు. ఒక ఏడాది చూసి, రెండో ఏడాది బీరువా జోలికి పోవడం మానేశాను. పెరట్లో మందార పువ్వులు కోయించి, వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసంలో ఒకచోట నిమ్మరసం, ఇంకోచోట సబ్బునీళ్లు పోయిస్తే ఆమ్లం క్షారం పాఠం అయిపోయేది. ఎరుపు, ఆకుపచ్చ, పిల్లల చొక్కాల మీద మరకలు, మర్నాడు వాళ్ల అమ్మలు వచ్చి తగాదా. అదీ ఉద్యోగం.

ఫ్యూజ్ పోయింది | నవంబర్ 16, రాత్రి 10:30

మాస్టారు గారూ, ఒకటి ఎం2 (మ్యాథ్స్ రెండో పేపరు), ఇంకోటి ఎలక్ట్రికల్ సర్క్యూట్స్. ఎం2 నిజంగా రాలేదు. సర్క్యూట్స్ వచ్చు, కానీ పరీక్ష ముందు రోజు ట్యూషన్ పిల్లలకు ప్రీఫైనల్ ఉంది, రాత్రి పదకొండు దాకా వాళ్లతోనే ఉన్నా. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు, బాధ్యత లేనితనమే అని తెలుసు. మీ ప్రశ్నకు నిజంగా నా దగ్గర జవాబు లేదు. కొంత పారిపోవడం కూడా ఉందేమో.

హ్యూస్టన్ రాజు | నవంబర్ 17, ఉదయం 5:00

ఇక్కడ టెక్సస్‌లో మా ఆవిడ బీటెక్ మీదే సైన్స్ టీచర్ అయింది. డిగ్రీ ఉంటే చాలు, ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, మన డిగ్రీని ఇవాల్యుయేట్ చేయించి, టెక్సెస్ పరీక్షలు రాసి చేరింది. హెచ్4 వీసా మీద వర్క్ పర్మిట్ ఉండాలి అంతే. కాబట్టి బీటెక్ పూర్తి చేయడం ఎక్కడైనా పనికొస్తుంది.

ప్యాకేజీ ముఖ్యం | నవంబర్ 17, ఉదయం 8:15

వాడు సూర్యాపేటలో టీచర్ అవ్వాలా అని అడుగుతుంటే మీరు హెచ్4 అంటారేంటి బ్రో. 😀

బీటెక్ టీచరమ్మ | నవంబర్ 17, మధ్యాహ్నం 12:30

ఎవరూ చెప్పని దారి ఇంకొకటి ఉంది. ఐటెప్. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎస్సీ బీఈడీ, ఒకే కోర్సులో రెండూ. ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎన్ఐటీ వరంగల్‌లో ఉంది, మైసూరు ఆర్ఐఈలో ఉంది (అది ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రాంతీయ విద్యా సంస్థ, మన దక్షిణాది రాష్ట్రాలకోసమే పెట్టింది, అంతకుముందు కూడా అక్కడ ఇలాంటి కోర్సు దశాబ్దాలుగా నడిచింది). ఇంటర్ మీదే ప్రవేశం. పరీక్షలో భాషలు, మూడు సబ్జెక్టులు, జనరల్ టెస్ట్, టీచింగ్ ఆప్టిట్యూడ్ ఉంటాయి.

లెక్క వేసుకో. ఇప్పుడు మానేసి వచ్చే జూన్‌లో బీఎస్సీలో చేరితే మూడు ప్లస్ రెండు, ఐదేళ్లు. బీటెక్ పూర్తి చేసి బీఈడీ చేస్తే ఇంకా రెండున్నర ప్లస్ రెండు, నాలుగున్నర, చివరికి నల్లబల్ల రూమ్మేట్ పరిస్థితి. ఐటెప్ అయితే నాలుగు, అదీ ఫిజిక్స్ కెమిస్ట్రీ డిగ్రీతో. నా కాలంలో ఇది మనకు దగ్గర్లో ఉండి ఉంటే నేను రెండేళ్లు బగ్గులు వెతుకుతూ కూర్చునేదాన్ని కాదు.

ఒకవేళ సీటు రాకపోతే ఏంటి అంటావా, బీటెక్ చేస్తూనే ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్సీ చేయొచ్చు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు ఒప్పుకుంది, ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్సీ ఉంది. కానీ రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాడు రెండు డిగ్రీలు లాగుతాడా అన్నది నువ్వే చెప్పాలి, నేను అక్కలా అడుగుతున్నా.

నల్లబల్ల | నవంబర్ 17, రాత్రి 9:00

ఐటెప్ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పావు అక్కా.

తమ్ముడూ, ఒక పని చేద్దాం. ఎందుకంటే ఇక్కడ ఎంతమంది ఎంత రాసినా మాస్టారు గారి ప్రశ్నకు జవాబు రాదు. మా స్కూలు మీ ఊరికి బస్సులో నలభై నిమిషాలు. మా హెడ్మాస్టర్ గారిని అడిగా, ఒక శనివారం వచ్చి పదో తరగతికి ఒక పీరియడ్ చెప్పుకోమన్నారు, నేను వెనకాల కూర్చుంటా. పాఠం విద్యుదయస్కాంతత్వం, నీ ఇంటి పాఠమే. 52 మంది ఉంటారు. బీఈడీలో అయితే ఇలా ఇరవై వారాలు ఇంటర్న్‌షిప్ చేయిస్తారు, కానీ అప్పటికి ఫీజు కట్టేసి ఉంటావు. నువ్వు ఇప్పుడే, ఉచితంగా, భయపడి చూడు.

ఫ్యూజ్ పోయింది | నవంబర్ 23, రాత్రి 8:40

నిన్న వెళ్లొచ్చా. ఉన్నది ఉన్నట్టు రాస్తా.

మేకుకు వైరు చుట్టి బ్యాటరీ కలిపితే గుండుసూదులు అతుక్కుంటాయి కదా, అది చూపిద్దామనుకున్నా. ముందు రోజు రాత్రి నాన్న షాపులో ఫ్యాన్ వైండింగ్ వైరు కొంచెం తీసుకున్నా, చెప్పకుండానే. క్లాసులోకి వెళ్లి పేరు చెప్పేసరికి గొంతు ఆరిపోయింది. బోర్డు మీద బొమ్మ గీశా, పర్లేదు అనిపించింది. బల్ల చుట్టూ పిల్లలందరూ మూగారు. మేకుకు వందకు పైనే చుట్లు చుట్టి సెల్లు కలిపా. ఒక్క సూది కూడా లేవలేదు. సెల్లు మార్చా. లేవలేదు. వెనకాల నల్లబల్ల అన్న తల దించుకుని రిజిస్టర్ రాస్తున్నట్టు నటిస్తున్నాడు. 52 మంది నన్నే చూస్తున్నారు, నా చెవులు కాలిపోతున్నాయి.

అప్పుడు రెండో వరుసలో ఒక పిల్లాడు "అన్నా, వైరు చివర్లు గీకినవా" అన్నాడు.

వైండింగ్ షాపు వాడి కొడుకుని నేను. ఎనామిల్ వైరు చివర్లు బ్లేడుతో గీకకుండా కలిపితే కరెంటు పోదని నాకు ఐదో తరగతిలోనే తెలుసు. వాడి మేనమామ బోర్లు వేసే బండి మీద పనిచేస్తాడట. వాణ్ణే పిలిచి బ్లేడు చేతికిచ్చా. వాడు గీకుతుంటే ఎనామిల్ అంటే ఏంటి, అది లేకపోతే చుట్లు చుట్లు తగిలి ఏమవుతుంది, మోటారు కాలిపోవడం అంటే నిజంగా కాలేది ఏంటి, అన్నీ అడిగారు. నేను రాసుకెళ్లిన పాఠం ఒక్క ముక్క చెప్పలేదు. సెల్లు కలిపితే నాలుగు సూదులు లేచాయి. నాలుగే. క్లాసు మొత్తం అరిచింది, పక్క క్లాసు నుంచి లెక్కల సార్ వచ్చి చూశారు.

మాస్టారు గారూ, జవాబు అనుకుంటా. ఎం2 డిసెంబర్ సప్లీలో రాస్తున్నా, ట్యూషన్ పిల్లలకు వారం సెలవు చెప్పేశా.

సుద్దముక్క మాస్టారు | నవంబర్ 24, ఉదయం 7:00

నాలుగే లేవడానికి కారణం చెప్పనా? ఫ్యాన్ వైరు 36 గేజ్ దాకా ఉంటుంది, వెంట్రుకంత సన్నం. దాని నిరోధం ఎక్కువ, ఒక్క సెల్లు దానికి చాలదు. దానికంటే లావుగా ఉండే 26 గేజ్ తీసుకుని, చుట్లు దగ్గర దగ్గరగా వేసి, రెండు సెల్లులు పెట్టు. గుప్పెడు లేస్తాయి. ఎక్కువసేపు కలిపి ఉంచకు, సెల్లు వేడెక్కి చస్తుంది.

నా మొదటి పాఠంలో హైడ్రోజన్ వాయువుకు అగ్గిపుల్ల పెట్టి 'టప్' శబ్దం వినిపించబోయి జాడీ పగలగొట్టాను. ఇన్‌స్పెక్టర్ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు.

తండ్రిని | నవంబర్ 24, ఉదయం 9:20

అంతా బాగుంది బాబూ. నాన్నకు చెప్పావా?

ఫ్యూజ్ పోయింది | నవంబర్ 30, రాత్రి 10:05

చెప్పా సార్. ముందు వైరు తీసుకెళ్లిన సంగతి చెప్పా, అక్కడ్నుంచి మిగతాది. నాన్న మొదట ఏమీ అనలేదు. షాపులో ఒక మోనోబ్లాక్ పంపు మోటారు విప్పి పెట్టి ఉంది, దాని కాలిపోయిన చుట్లు కటింగ్ ప్లేయర్‌తో పీకుతూనే ఉన్నాడు. కాసేపటికి "గీకకుండ కలిపినవారా" అన్నాడు. అదొక్కటే ఆయనకు అవమానంగా అనిపించినట్టుంది.

రాత్రి అన్నం తినేటప్పుడు గొడవ అయింది, అది రాయను. ఫీజు బాకీ ఎంతో మొదటిసారి చెప్పాడు, మీరు అన్నట్టు నాకు తెలీదు సార్. చివరికి తేలింది ఇది: బీటెక్ ఇప్పుడే మానను, నాలుగో సెమిస్టర్ దాకా చదువుతా. ఎన్‌సెట్ రాస్తా. వరంగల్ గానీ మైసూరు గానీ వస్తే వెళ్తా. రాకపోతే బీటెక్ పూర్తి చేస్తూ ఓపెన్‌లో బీఎస్సీకి కడతా. రెండూ కాకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు నాన్న. అమ్మ మాత్రం "పంతులు అయితే పిల్లనెవరు ఇస్తరు" అంటోంది.

ఒక డౌట్. సీటు వచ్చి మధ్యలో మానేస్తే కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇస్తారా? మా సీనియర్ ఒకడు మానేస్తే మిగిలిన రెండేళ్ల ఫీజు కూడా కట్టమన్నారట.

బీటెక్ టీచరమ్మ | డిసెంబర్ 1, ఉదయం 8:50

చాలాచోట్ల అలాగే బెదిరిస్తారు. ఒరిజినల్స్ కాలేజీలో పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ ఉత్తర్వు ఇచ్చింది. నోటిమాటగా అడగకు, కాగితం మీద రాసిచ్చి, నకలు మీద వాళ్ల చేత రిసీవ్డ్ అని ముద్ర వేయించుకో. ఇవ్వము అని వాళ్లు అంటే, అదీ రాసి ఇవ్వమను. రాసివ్వడం అనేసరికి సగంమంది మెత్తబడతారు. అయినా వినకపోతే యూనివర్సిటీకి ఫిర్యాదు పెట్టు. ముందుగా నీ ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు ఏవేవి వాళ్ల దగ్గర ఉన్నాయో ఈ వారమే జాబితా రాసుకో, కలర్ స్కాన్‌లు తీసి పెట్టుకో.

గోదారి గట్టు | డిసెంబర్ 1, రాత్రి 7:30

టెట్ గురించి కూడా ఇప్పుడే తెలుసుకో తమ్ముడూ. 150కి, ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాస్, కానీ పాస్‌తో ఆగకు. డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ దానిదే, అరమార్కు తేడాతో పోస్టులు పోతాయి. 2021 నుంచి సర్టిఫికెట్‌కు జీవితకాలం చెల్లుబాటు. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు పాత టీచర్లు కూడా టెట్ పాసవ్వాల్సిందే అనేసరికి మా స్టాఫ్‌రూమ్‌లో యాభై ఏళ్ల సార్లు పియాజే, వైగాట్‌స్కీల పిల్లల మనస్తత్వ సిద్ధాంతాలు బట్టీ పడుతున్నారు. నన్ను డౌట్లు అడుగుతున్నారు, నాకు సిగ్గేస్తోంది.

ప్యాకేజీ ముఖ్యం | డిసెంబర్ 2, ఉదయం 7:40

సరే తమ్ముడూ, నేను ఓడిపోయా. ఎం2కి నోట్స్ కావాలంటే నా దగ్గర స్కాన్ చేసినవి ఉన్నాయి, మెసేజ్ పెట్టు. ఫోరియర్ సిరీస్ ఒక్కటి సరిగా లేదు.

నల్లబల్ల | డిసెంబర్ 6, సాయంత్రం 5:20

ఆ రెండో వరుస పిల్లాడు ఈ వారంలో మూడుసార్లు అడిగాడు, "వైరు అన్న మళ్ల ఎప్పుడొస్తడు సార్" అని. ఈసారి పాఠం డీసీ మోటార్. మీ నాన్న షాపులో 26 గేజ్ తుక్కు ఏదైనా ఉంటే ఒక పావుకిలో తీసుకురా, ఈసారి చెప్పి తీసుకురా.

ఫ్యూజ్ పోయింది | డిసెంబర్ 6, రాత్రి 9:15

అడిగా అన్నా. తుక్కు వైరు పిల్లల చేతికి ఇస్తారా, కొత్త బాబిన్ తీసుకుపో అన్నాడు. గీకడానికి బ్లేడు కూడా ఒకటి పెట్టాడు సంచిలో. ఇరవయ్యో తారీఖు పరీక్షలు అయిపోతాయి, ఆ తర్వాత ఏ శనివారమైనా సరే.